హైదరాబాదులో పక్షవాత బాధితుల మానసిక, సామాజిక పునరావాసం

పక్షవాతం వచ్చి ప్రాణాపాయం నుండి బయటపడినవారు తిరిగి నలుగురిలో కలిసి, తమ పనులు తాము చేసుకుంటూ, గౌరవంగా బ్రతకడానికి అందించే తోడ్పాటును మానసిక, సామాజిక పునరావాసం అంటారు. చచ్చుబడిన కాలుసేతులకు వ్యాయామం చేయించడం శారీరక పునరావాసం. క్రుంగిన మనసుకు వైద్యం, పోయిన మాటకు శిక్షణ, ఉద్యోగానికి తిరిగి వెళ్ళే ఏర్పాటు, కుటుంబానికి ఆసరా మొదలైనవి మానసిక, సామాజిక పునరావాసం క్రిందికి వస్తాయి. హైదరాబాదు నగరపు పడమటి భాగంలోని హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలను వాడుకలో సైబరాబాదు అంటారు. ఇక్కడ పెద్ద ఆసుపత్రులు దగ్గర దగ్గరగా ఉన్నందున పక్షవాతానికి అత్యవసర వైద్యం త్వరగా అందే అవకాశం ఉంది. ఆసుపత్రి నుండి ఇంటికి చేరిన తరువాత నెలల తరబడి, ఏళ్ళ తరబడి కావలసిన తోడ్పాటు మాత్రం చాలావరకు కుటుంబం మీదనే ఆధారపడి ఉంటుంది. దిగులు, భయం, అలసట కూడా ఈ వ్యాధిలో భాగమేననీ, వాటికి చికిత్స ఉందనీ తెలియకపోతే రోగి కోలుకోవడం సగంలోనే ఆగిపోతుంది.

వ్యాధి స్వరూపం, పేరు

మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోవడం వలన గాని, రక్తనాళం చిట్లడం వలన గాని ఆ భాగం దెబ్బతినడాన్ని వైద్యులు స్ట్రోక్ అంటారు. పక్షం అంటే ప్రక్క. శరీరంలో ఒక ప్రక్క చచ్చుబడటం ముఖ్య లక్షణం కనుక తెలుగులో దీనికి పక్షవాతం అనే పేరు వచ్చింది. వాడుకలో "పెరాలసిస్ వచ్చింది", "కాలూ చెయ్యీ పడిపోయాయి", "మూతి వంకర పోయింది" అంటారు. ఈ పేర్లన్నీ కంటికి కనిపించే లోపాన్నే చెబుతాయి. కానీ దెబ్బ తగిలింది చేతికి కాదు, మెదడుకు. మాట, జ్ఞాపకం, ఏకాగ్రత, కోపతాపాల అదుపు, ఉత్సాహం ఇవన్నీ మెదడు పనులే కాబట్టి వీటిలో ఏదైనా దెబ్బతినవచ్చు. చెయ్యి ఆడగానే జబ్బు నయమైందని ఇంటివారు అనుకోవడానికి, అప్పటికీ రోగి మునుపటిలా లేకపోవడానికి కారణం ఇదే.

రక్తం గడ్డకట్టడం వలన వచ్చిన పక్షవాతంలో గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోయినపుడు సన్నని గొట్టం ద్వారా గడ్డను బయటికి లాగే చికిత్సను ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకు కూడా చేయవచ్చని పరిశోధనలు నిరూపించాయి. మూతి ఒక ప్రక్కకు పోవడం, చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం వంటి లక్షణాలు కనిపించిన వెంటనే స్కానింగు, నరాల వైద్యుడు ఉన్న ఆసుపత్రికి చేరాలి. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న హైదరాబాదు నుండి మొదలైన 108 అంబులెన్సు సేవ ఇందుకు ఉపయోగపడుతుంది.

సైబరాబాదు నేపథ్యం

మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ భవనాన్ని 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. తరువాతి పాతికేళ్ళలో ఆ చుట్టుప్రక్కల సాఫ్టువేరు కార్యాలయాలు, అపార్టుమెంటులు, గేటెడ్ కమ్యూనిటీలు, కార్పొరేట్ ఆసుపత్రులు పెరిగాయి. ఈ ప్రాంతంలో పక్షవాతం బారిన పడేవారిని ముఖ్యంగా రెండు వర్గాలుగా చూడవచ్చు.

మొదటి వర్గం ఉద్యోగంలో ఉన్నవారు. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, నిద్రలేమి, బయటి తిండి, పరీక్ష చేయించుకోని రక్తపోటు, మధుమేహం వీరికి ముప్పు కలిగిస్తాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుండి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో సంయుక్తంగా ప్రకటించాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నగరంలోని ఐటీ ఉద్యోగులపై జరిపి 2023లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 46 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్లు తేలింది. నడుము చుట్టుకొలత, రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వులు ఇవన్నీ కలిసి అదుపు తప్పే ఈ స్థితి గుండె జబ్బులకు, పక్షవాతానికి దారితీయవచ్చు.

రెండవ వర్గం ఉద్యోగుల తల్లిదండ్రులు. పల్లెల నుండి, చిన్న పట్టణాల నుండి పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవారికి ఇక్కడ అరుగు లేదు, రచ్చబండ లేదు, పేరు పెట్టి పిలిచే వీధి లేదు. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకు వెళితే పగలంతా ఫ్లాటులో కేర్‌టేకరుతో గడపాలి. ఆ కేర్‌టేకరుకు తెలుగు రాకపోవచ్చు. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే రోజూ వీడియో కాల్ వస్తుంది. కానీ మంచినీళ్ళ గ్లాసు అందించడానికి పక్కన మనిషి ఉండరు. మాట సరిగా రానివారికి ఫోనులో మాట్లాడటం ఎదురుగా మాట్లాడటం కన్నా కష్టం కనుక, ఆ కాల్ కూడా క్రమంగా చిన్నదైపోతుంది.

మనసుపై ప్రభావం

వ్యాకులత: ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి తరువాతి ఐదేళ్ళలో ఏదో ఒక సమయంలో వ్యాకులత (డిప్రెషన్) వస్తుంది. దీనికి కారణాలు రెండు వైపుల నుండి ఉన్నాయి. మెదడు దెబ్బతినడం వలన భావోద్వేగాలను నడిపే వ్యవస్థలో మార్పులు రావడం ఒకటి. ఉద్యోగం, సంపాదన, స్వతంత్రత, కుటుంబంలో తన స్థానం చేజారిపోయాయన్న బాధ రెండవది. మెదడు ఎడమ ముందు భాగంలో దెబ్బ తగిలితేనే వ్యాకులత వస్తుందని ఒకప్పుడు భావించేవారు. తరువాతి సమీక్షలు దీనిని బలపరచలేదు. ఏ వైపు దెబ్బ తగిలినా రావచ్చు. నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం, ఎవరితోనూ కలవకపోవడం, వ్యాయామం వద్దనడం, "నేను మీకు భారమైపోయాను" అని మాటిమాటికీ అనడం దీని లక్షణాలు. వ్యాకులత ఉన్నవారు మందులు సరిగా వేసుకోరు, ఫిజియోథెరపీలో పాల్గొనరు. వారిలో మరణాల రేటు కూడా ఎక్కువగా ఉన్నట్లు అధ్యయనాలు చెబుతున్నాయి. అందువలన దీనిని "ధైర్యం తక్కువ" అని కొట్టిపారవేయక, రక్తపోటును చూసినట్లే చూడవలసి ఉంటుంది.

భావోద్వేగాల అదుపు తప్పడం: కొందరు చిన్న మాటకే భోరున ఏడుస్తారు. నవ్వకూడని చోట నవ్వు ఆపుకోలేరు. లోపల అంత దుఃఖం గాని, సంతోషం గాని ఉండకపోవచ్చు. మొదటి ఆరు నెలల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇది కనిపిస్తుంది. ఇంటివారు దీనిని నాటకమనో, చాదస్తమనో పొరబడతారు. చుట్టాల ముందు ఏడుపు వస్తుందన్న సిగ్గుతో రోగి పెళ్ళిళ్ళకు, పేరంటాలకు వెళ్ళడం మానేస్తాడు. ఏడుపు గురించి ప్రశ్నించకుండా, మాట మార్చి, రోగి దృష్టిని వేరే విషయం మీదకు మళ్ళిస్తే త్వరగా తగ్గుతుంది. అవసరమైతే వైద్యులు మందులు ఇస్తారు.

ఆందోళన: మళ్ళీ వస్తుందేమోనన్న భయం, స్నానాల గదిలో పడిపోతానేమోనన్న భయం, ఒంటరిగా ఉన్నప్పుడు ఏమైనా జరిగితే ఎవరిని పిలవాలన్న భయం సర్వసాధారణం. కొందరిలో ఇవి ముదిరి గది దాటి బయటికి రాని స్థితికి చేరతాయి.

నిరాసక్తత: దిగులు లేకపోయినా ఏ పని మీదా ఆసక్తి కలగకపోవడం దీని లక్షణం. చెబితే చేస్తారు, చెప్పకపోతే అలాగే కూర్చుంటారు. దీనిని సోమరితనంగా భావించి తిట్టడం వలన ప్రయోజనం లేదు. రోజుకు ఒక వేళాపట్టిక ఏర్పరచి, పనిని చిన్న చిన్న అంశాలుగా విడగొట్టి చేయించడం మేలు.

అలసట: బాధితుల్లో దాదాపు సగం మందికి విశ్రాంతి తీసుకున్నా తీరని అలసట ఉంటుంది. జబ్బు స్వల్పంగా వచ్చి పూర్తిగా తగ్గినవారిలో కూడా ఇది నెలల తరబడి ఉండవచ్చు.

ఆలోచనా శక్తి: ఒకేసారి రెండు విషయాలపై దృష్టి పెట్టడం, పనిని వరుస క్రమంలో ఆలోచించడం, విన్నది గుర్తుంచుకోవడం కష్టమవుతాయి. నడక, మాట బాగుపడి చూసేవారికి మామూలుగా కనిపించే ఉద్యోగి, పదిమంది మాట్లాడే మీటింగులో ఏం జరుగుతోందో పట్టుకోలేకపోతాడు. కంటికి కనిపించని ఈ లోపాన్ని తోటివారు నిర్లక్ష్యంగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది.

భాష, సంభాషణ

మెదడులో భాషకు సంబంధించిన భాగాలు, ఎక్కువమందిలో ఎడమవైపు ఉంటాయి. అవి దెబ్బతిన్నపుడు మాట్లాడటం, విని అర్థం చేసుకోవడం, చదవడం, వ్రాయడంలో లోపాలు వస్తాయి. దీనిని అఫేజియా అంటారు. అఫేజియా ఉన్నవారికి తెలివి పోలేదు. తెలిసినదానిని చెప్పడానికి మాట అందడం లేదు. ఈ తేడా తెలియక ఇంట్లోవారు రోగి ఎదుటే అతడి గురించి, ఆసుపత్రి ఖర్చుల గురించి, ఆస్తి గురించి మాట్లాడుకోవడం మనసును తీవ్రంగా గాయపరుస్తుంది.

స్వయంగా ఒక వాక్యం చెప్పలేనివారు కూడా చిన్నప్పుడు కంఠస్థం చేసినవాటిని ఒక్కొక్కప్పుడు గడగడా అప్పజెప్పగలరు. అంకెలు, వారాల పేర్లు, ఎక్కాలు, శతక పద్యాలు, దేవుని స్తోత్రాలు, పాత సినిమా పాటలు ఇందుకు ఉదాహరణలు. అలవాటుగా వచ్చే మాటలకు, ఆలోచించి కూర్చే మాటలకు మెదడులో దారులు కొంత వేరుగా ఉండటమే దీనికి కారణం. ఇదే కారణం వలన కొందరి నోట అనుకోకుండా తిట్లు వస్తాయి. అవి ఉద్దేశపూర్వకమైనవి కావు. రాగం, లయల సాయంతో మాట నేర్పే పద్ధతిని 1970 దశకంలో అమెరికాలో రూపొందించారు. కొందరు రోగులకు స్పీచ్ థెరపిస్టులు దీనిని ఉపయోగిస్తారు.

హైదరాబాదులో తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసి వినిపిస్తాయి. ఈ బహుభాషా వాతావరణం వలన నగరం మెదడు పరిశోధనకు అనువైన చోటు అయింది. పంజాగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో (నిమ్స్) నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం, బ్రిటనుకు చెందిన థామస్ బాక్‌తో కలిసి 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు లేక అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలవుతున్నట్లు 2013లో ప్రకటించింది. అదే కోవలో పక్షవాతం వచ్చిన 608 మందిపై జరిపిన అధ్యయనం 2016లో ప్రచురితమైంది. పక్షవాతం తరువాత ఆలోచనా శక్తి మామూలుగా ఉన్నవారు ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం కాగా, రెండు భాషలు వచ్చినవారిలో 40.5 శాతం. అయితే అఫేజియా వచ్చే అవకాశంలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి పరీక్షలు తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో తయారయ్యాయి. రోగికి అలవాటైన భాషలో పరీక్ష చేస్తేనే ఫలితం సరిగా వస్తుంది. ఇంగ్లీషులో అడిగినపుడు చెప్పలేనంత మాత్రాన తెలియదని భావించరాదు.

అఫేజియా ఉన్నవారితో మాట్లాడేటపుడు పాటించవలసిన పద్ధతులు:

* టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, ఒకరు మాత్రమే మాట్లాడాలి.
* చిన్న వాక్యాలు వాడాలి. పసిపిల్లలతో మాట్లాడినట్లు మాట్లాడరాదు. వయసుకు తగిన మర్యాద ఉండాలి.
* "ఏం కావాలి?" అనడానికి బదులు "కాఫీ కావాలా, మజ్జిగ కావాలా?" అని రెండింటినీ చూపించి అడగాలి.
* జవాబుకు సమయం ఇవ్వాలి. మాటను మధ్యలో అందుకుని పూర్తి చేయరాదు.
* సైగ, బొమ్మ, వ్రాత, తల ఊపడం ఏదైనా మాటతో సమానమే.
* అర్థం కాకపోతే అర్థమైనట్లు నటించక, మళ్ళీ అడగాలి.

కుటుంబం, సంరక్షకులు

తెలుగు కుటుంబాల్లో రోగి సేవ ఎక్కువగా భార్య, కూతురు లేక కోడలి మీద పడుతుంది. స్నానం, మలమూత్రాలు, మందులు, వ్యాయామం, రాత్రి మేలుకోవడం, దీనికి తోడు ఉద్యోగం. నడుము నొప్పి, నిద్రలేమి, విసుగు, ఆ విసుగు వచ్చినందుకు తప్పు చేసినట్లు బాధ, ఇవన్నీ సంరక్షకుల్లో కనిపిస్తాయి. సంరక్షకులకు కూడా వ్యాకులత రావచ్చు. "ఎలా ఉన్నారు?" అని చూడవచ్చినవారు రోగిని మాత్రమే అడుగుతారు. సేవ చేసే మనిషిని అడిగేవారు అరుదు.

ఆసుపత్రి శిక్షణ ఇస్తే కుటుంబమే ఇంటి దగ్గర పునరావాసమంతా చేయించగలదా అన్న ప్రశ్నపై భారతదేశంలోనే పెద్ద పరిశోధన జరిగింది. 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగులతో జరిగిన "అటెండ్" అనే ఈ పరిశోధన ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి చేయించిన పునరావాసం వలన ఆరు నెలల తరువాత మరణాల్లో గాని, ఇతరులపై ఆధారపడటంలో గాని తగ్గుదల కనిపించలేదు. కుటుంబపు ప్రేమ అవసరం లేదని దీని అర్థం కాదు. శిక్షణ పొందిన చికిత్సకుల పనిని పూర్తిగా ఇంటివారి మీద వదిలివేయడం సరిపోదని మాత్రం ఇది సూచిస్తున్నది.

సేవను ఇంట్లో అందరూ పంచుకోవడం, వారంలో కొన్ని గంటలైనా సంరక్షకులకు విడుపు ఇవ్వడం, కేర్‌టేకరును పెట్టుకున్నా రోగితో మాట్లాడే సమయాన్ని ఇంటివారు తమ దగ్గరే ఉంచుకోవడం మేలు. వంతుల వారీగా పిల్లల ఇళ్ళ మధ్య తిప్పేటపుడు ఆ నిర్ణయంలో రోగి అభిప్రాయం తీసుకోవాలి. రోగి చేయగల పనిని తొందర కొద్దీ ఇంటివారే చేసిపెట్టడం వలన అతడు మరింత ఆధారపడతాడు. చొక్కా తొడుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టినా, తానే తొడుక్కున్నానన్న తృప్తి కోలుకోవడానికి సాయపడుతుంది. దంపతుల శారీరక సంబంధం గురించి చాలామంది భయంతో, మొహమాటంతో వైద్యుని అడగరు. రక్తపోటు, ఆరోగ్యం నిలకడగా ఉన్న చాలామంది మునుపటి జీవితానికి తిరిగి రావచ్చు. ఈ విషయంలో వైద్యుని సలహా అడగడానికి సంకోచించనవసరం లేదు.

ఉద్యోగం, చట్టం

పని చేసే వయసులో పక్షవాతం వచ్చినవారికి ఉద్యోగం జీతం మాత్రమే కాదు, గుర్తింపు కూడా. కంపెనీల గ్రూపు ఇన్సూరెన్సు సాధారణంగా ఆసుపత్రిలో చేరిన ఖర్చును భరిస్తుంది; ఇంటికి వచ్చిన తరువాత నెలల తరబడి సాగే ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఖర్చు చాలా పాలసీల పరిధిలోకి రాదు. ఇంటి అప్పు వాయిదాలు, పిల్లల చదువు ఖర్చు ఉన్న కుటుంబంలో సెలవులు అయిపోయే సమయానికి అసలైన ఒత్తిడి మొదలవుతుంది. ఆ తొందరలో పూర్తిగా కోలుకోకముందే పూర్తి పనిలో చేరి, చేయలేక మానుకోవడం జరుగుతూ ఉంటుంది.

మొదట రోజుకు కొద్ది గంటలతో ప్రారంభించి క్రమంగా పెంచడం, రాత్రి షిఫ్టులు తప్పించడం, కొన్ని రోజులు ఇంటి నుండి పనిచేయనివ్వడం, సూచనలను నోటితో కాక వ్రాతలో ఇవ్వడం, మధ్యలో విశ్రాంతికి వీలు కల్పించడం, ఒక చేత్తో వాడగల కీబోర్డు లేక మాటను వ్రాతగా మార్చే సాఫ్టువేరు ఇవ్వడం వంటి సర్దుబాట్లు ఉపయోగపడతాయి. సాఫ్టువేరు పనిలో వీటిలో చాలావరకు ఖర్చు లేనివే.

వికలాంగుల హక్కుల చట్టం 2016 పరిధిలో 21 రకాల వైకల్యాలున్నాయి. ఈ చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. కాళ్ళు చేతుల వైకల్యంతో పాటు అఫేజియా వలన శాశ్వతంగా మాట దెబ్బతినడం కూడా ఇందులో స్పష్టంగా పేర్కొనబడింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందినవారు ప్రత్యేక సదుపాయాలకు అర్హులు. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ధ్రువపత్రాల కోసం "సదరం" అనే సాఫ్టువేరు విధానం రూపొందింది. దేశమంతటికీ చెల్లే యూడీఐడీ కార్డు తరువాత వచ్చింది.

ఈ చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన వ్యక్తిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. తగిన పని లేకపోతే పదవీ విరమణ వరకు అదనపు పోస్టులో కొనసాగించాలి. ఈ రక్షణ ప్రభుత్వ సంస్థలకు మాత్రమే వర్తిస్తుంది. ప్రైవేటు సంస్థలు 21వ సెక్షన్ ప్రకారం సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. కానీ ఉద్యోగం నిలుస్తుందన్న హామీ అంత గట్టిగా లేదు. ఒకే జబ్బు వచ్చిన ప్రభుత్వోద్యోగికి, సాఫ్టువేరు ఉద్యోగికి మధ్య ఇది ముఖ్యమైన తేడా. కనుక ఐటీ ఉద్యోగులు తమ కంపెనీ విధానాన్ని, సెలవు నిబంధనలను వ్రాతపూర్వకంగా తెలుసుకోవడం అవసరం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం బీమా సంస్థలు శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధుల చికిత్సకు కూడా బీమా కల్పించాలి. ఈ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉంది.

సమాజం, ఆచారాలు, అపోహలు

కుడి చెయ్యి పడిపోయినవారు ఎడమ చేత్తో భోజనం చేయవలసి వస్తుంది. ఎడమ చేత్తో తినడం, ఇవ్వడం, పుచ్చుకోవడం మర్యాద కాదన్న ఆచారం తెలుగువారిలో బలంగా ఉన్నందున, బంతిలో కూర్చోవడానికి, పెళ్ళిలో అక్షింతలు వేయడానికి, కానుక అందించడానికి రోగులు సిగ్గుపడతారు. పిలుపు వచ్చినా వెళ్ళరు. కొంతకాలానికి పిలుపులే తగ్గిపోతాయి. చెంచా ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకోవడం, అక్షింతలు ఎడమ చేత్తో వేసినా ఆశీర్వాదమేనని ఇంటి పెద్దలు ముందుగా అనడం వంటి చిన్న చర్యలు వారిని తిరిగి నలుగురిలోకి తీసుకువస్తాయి.

పక్షవాతం పూర్వజన్మ పాపమనీ, చేతబడి అనీ, గాలి సోకిందనీ కొందరు నమ్ముతారు. పావురం మాంసం తినిపించడం, దాని నెత్తురు ఒంటికి పూయడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న అలవాటు. దీనివలన మేలు జరుగుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ఇటువంటివాటి కోసం తిరుగుతూ రక్తపోటు మందులు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు ఆపివేస్తే రెండవసారి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పూజ, ప్రార్థన, నమాజు మనసుకు ఊరటనిస్తాయి. వైద్యంతో పాటు వాటిని కొనసాగించడానికి అభ్యంతరం లేదు.

గేటెడ్ కమ్యూనిటీల్లో లిఫ్టులు, నడక దారులు, పార్కులు ఉన్నందున చక్రాల కుర్చీలో గాని, కర్ర సాయంతో గాని క్రిందికి దిగడం సాధ్యమే. రోజూ ఒకే వేళకు దిగితే అదే వేళకు వచ్చే పెద్దవారితో పరిచయం పెరుగుతుంది. ఆవరణ దాటితే మాత్రం ఎగుడుదిగుడు కాలిబాటలు, దాటలేని రద్దీ రోడ్లు అడ్డంకి. లిఫ్టులున్న మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు, నవంబరులో రాయదుర్గం వరకు వచ్చింది. అయినా ఇంటి నుండి స్టేషను వరకు చేరడం చాలామందికి కష్టంగానే ఉంటుంది.

చికిత్స, సహాయం లభించే చోట్లు

వ్యాకులతను గుర్తించడానికి తొమ్మిది ప్రశ్నల "పీహెచ్‌క్యూ-9" పత్రాన్ని ఎక్కువగా వాడతారు. ఇది తెలుగులో కూడా ఉంది. మాట రానివారి విషయంలో నిద్ర, ఆకలి, ముఖకవళికలు, ఏడుపు, వ్యాయామం పట్ల అయిష్టత గురించి ఇంటివారిని అడిగి అంచనా వేస్తారు. సలహా చికిత్స (కౌన్సెలింగు), వ్యాయామం, మందులు ఇందులో ముఖ్యమైనవి. పక్షవాతం వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందుజాగ్రత్తగా వ్యాకులత మందు ఇస్తే కాలుచేతులు త్వరగా బాగుపడతాయా అని బ్రిటనులో 3127 మందిపై పరిశోధన జరిగింది. ఫ్లూయోక్సెటిన్ అనే మందు వలన వ్యాకులత తగ్గింది గాని, కాలుచేతుల పనితీరు మెరుగుపడలేదనీ, ఎముకలు విరగడం కొంత పెరిగిందనీ 2018లో తేలింది. అందువలన మందు అవసరమైనవారికి మాత్రమే, వైద్యుని పర్యవేక్షణలో ఇవ్వాలి.

ఇంటికి వెళ్ళిన రోగులకు ఫోను సందేశాలు, వీడియోలు, పుస్తకం ద్వారా జాగ్రత్తలు తెలిపే "స్ప్రింట్ ఇండియా" పరిశోధన 31 కేంద్రాల్లో, 12 భాషల్లో, 4298 మందితో జరిగింది. 2023లో వెలువడిన ఫలితాల ప్రకారం దీనివలన తిరిగి పక్షవాతం రావడం తగ్గలేదు గాని, మందులు క్రమం తప్పకుండా వేసుకోవడం, పొగ, మద్యం మానడం వంటి అలవాట్లు మెరుగుపడ్డాయి.

హైదరాబాదులో ఉపయోగపడే కొన్ని సంస్థలు, సేవలు:

* నిమ్స్, పంజాగుట్ట: ప్రభుత్వ ఆధ్వర్యంలోని నరాల వైద్య విభాగం.
* మానసిక వైద్యశాల, ఎర్రగడ్డ: ప్రభుత్వ మానసిక చికిత్స.
* అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం, మనోవికాస్ నగర్, సికిందరాబాదు: మాటకు సంబంధించిన చికిత్స.
* టెలీ మానస్ (14416): 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవ. తెలుగులో మాట్లాడవచ్చు.
* ఎల్డర్ లైన్ (14567): వయోవృద్ధుల సహాయ ఫోను. టాటా ట్రస్టుల చొరవతో హైదరాబాదులో మొదలై, 2021 అక్టోబరు 1న జాతీయ సేవగా మారింది.

రోగి "చచ్చిపోతే బాగుండు" అన్నప్పుడు తేలికగా తీసుకోరాదు. ఒంటరిగా వదలక, వెంటనే వైద్యునికి గాని, 14416కు గాని తెలియజేయాలి.

బ్రిటను వంటి దేశాల్లో పక్షవాతం వచ్చినవారు వారానికొకసారి కలుసుకునే స్ట్రోక్ క్లబ్బులు ఉన్నాయి. తనవంటి మరొకరు కోలుకోవడం కళ్ళారా చూడటం వలన కలిగే ధైర్యం, ఎన్ని సలహాలు విన్నా కలగదు. అపార్టుమెంటు సంఘపు హాలు, నాలుగు కుర్చీలు, ఒక సాయంత్రం ఉంటే ఇటువంటి కలయిక సైబరాబాదులో కూడా సాధ్యమే. ప్రతి సంవత్సరం అక్టోబరు 29న జరిగే ప్రపంచ పక్షవాత దినాన్ని ఇందుకు ప్రారంభంగా చేసుకోవచ్చు.

ఇవి కూడా చూడండి

* పక్షవాతం
* రక్తపోటు
* మధుమేహం
* వ్యాకులత
* నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ
* హైటెక్ సిటీ